దూలానికి వేలాడే కోడి

పోయిన దసరాకి విజయవాడలో ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్ళాం. అసలు బొమ్మ పడేముందు రాబోయే సినిమా ట్రైలర్ వేశారు. డ్రోన్ గోదారి మీద ఎగిరి, కొబ్బరితోటలు దాటి, ఒక మండువా లోగిట్లో దిగింది. వాకిట్లో ఇల్లంత ముగ్గు. వెనకనించి ఒక తాతగారి గొంతు తమది ఎంత పెద్ద ఉమ్మడి కుటుంబమో చెప్పడం మొదలుపెట్టింది. మా వెనక వరసలో ఒక కుర్రాడు, పద్నాలుగేళ్ళుంటాయేమో, పక్కవాడితో "ఇప్పుడు మ్యూజిక్ ఆగుద్ది చూడు" అన్నాడు. ఆగింది. "హీరో కళ్ళజోడు తీస్తాడు." తీశాడు. "ఇప్పుడు ఆ లావుపాటాయనకి చెంపదెబ్బ." పడింది. మూడో జోస్యం ఫలించేసరికి మా వరసా, ముందు వరసా పగలబడి నవ్వుతున్నాయి. తెరమీద చెంపదెబ్బ తిన్న హాస్యనటుడికి ఆ నవ్వులో దమ్మిడీ వాటా లేదు.

ఇంటర్వెల్లో ఒక పెద్దాయన ఆ కుర్రాణ్ణి ఆపి, "ఎంతమంది కష్టంరా అది! అలా ఎగతాళి చెయ్యకూడదు" అని మందలించాడు. వాడు తలొంచుకుని పాప్‌కార్న్ వైపు జారుకున్నాడు. నాకు పెద్దాయన మీద కోపం రాలేదు, ఆ మాట మీద వచ్చింది. ఎందుకంటే అది ఆయన సొంతమాట కాదు. ప్రీ-రిలీజ్ వేదికల మీదా, సక్సెస్ మీట్లలోనూ, యూట్యూబ్ ఇంటర్వ్యూల్లోనూ విని విని మనందరికీ కంఠతా వచ్చేసిన పాఠం. ట్రైలర్ చూసి వెక్కిరించకండి, సినిమా చూసి మాట్లాడండి. వందలమంది చెమట అది. ఫ్యామిలీ సినిమాకీ కామెడీకీ లాజిక్కులు వెతక్కండి. నెగెటివిటీతో పరిశ్రమని చంపకండి. ఎంత మర్యాదగా వినిపిస్తుందంటే, కాదన్నవాడు పెళ్ళిపందిట్లో తుమ్మినవాడిలా కనిపిస్తాడు.

నేను తుమ్మదలుచుకున్నాను. ఆ కుర్రాడు చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఆ పూట హాల్లో ఆ ట్రైలర్‌ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసినవాడు బహుశా వాడొక్కడే.

"సినిమా చూసి మాట్లాడు" అన్న మాట ముందు తీసుకుందాం. ట్రైలర్ రాగానే "అదిరిపోయింది, బ్లాక్‌బస్టర్ ఖాయం" అని రాసినవాడికి ఎవరైనా "ఆగు నాయనా, సినిమా చూశాక మాట్లాడు" అని చెప్పారా? చెప్పరు. వాడి మాటని ఏరి పోస్టర్ మీద వేసుకుంటారు. ఇరవైనాలుగు గంటల్లో ఇన్ని లక్షలమంది చూశారని మళ్ళీ దానికో పోస్టర్. పొగడ్డానికి రెండున్నర నిమిషాలు చాలు, తెగడ్డానికి మాత్రం రెండున్నర గంటలు కూర్చోవాలి, అదీ టికెట్ కొనుక్కుని. రైతుబజార్లో వంకాయ తిప్పి చూసి పుచ్చు కనిపిస్తే "ఇదేం వంకాయమ్మా" అంటాం. "కూర వండుకు తిన్నాక మాట్లాడండి" అన్న కూరగాయలామెని నేనింతవరకూ చూళ్ళేదు.

పైగా ఈ విషయంలో దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఒక తీర్పిచ్చింది. సినిమావాళ్ళు దాన్ని తమ విజయంగా చెప్పుకుంటారు, నాకు మాత్రం అది వెనక వరస కుర్రాడి విజయంలా కనిపిస్తుంది. 2016లో షారుఖ్ ఖాన్ 'ఫ్యాన్' వచ్చింది. ట్రైలర్లలో ఒక పాట ఊదరగొట్టారు. మహారాష్ట్రలో ఒక టీచరమ్మ ఆ పాట కోసమే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే సినిమాలో ఆ పాటే లేదు. పిల్లలు అలిగి రాత్రి అన్నం తినలేదు. ఆవిడ వినియోగదారుల ఫోరానికెక్కింది. జిల్లాలో ఓడి, రాష్ట్రంలో నెగ్గింది. జాతీయ కమిషన్ కూడా పదివేలు పరిహారం, ఐదువేలు ఖర్చులు ఇమ్మన్న ఉత్తర్వుని నిలబెట్టింది. నిర్మాణ సంస్థ సుప్రీంకోర్టుకెళ్ళింది. 2024 ఏప్రిల్లో జస్టిస్ నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్ ఆ ఉత్తర్వు కొట్టేశారు. ట్రైలర్ అనేది ఒప్పందం కాదు, వాగ్దానమూ కాదు, టికెట్ కొనేలా జనాన్ని ఆకర్షించడానికి చేసే ప్రచారం మాత్రమే అన్నారు.

న్యాయంగానే ఉంది. సినిమా ఎలా ఉంటుందో చెప్పే పూచీ ట్రైలర్‌కి లేదు. మంచిది, కాబట్టి పరిహారం అడగం. అయితే పరిహారమూ లేక, వాగ్దానమూ లేక, కొనేముందు నోరెత్తే వీలూ లేకపోతే మనకి మిగిలిందేమిటి? వాళ్ళది ఉత్త ప్రచారమైనప్పుడు మనది ఉత్త నవ్వు. చెల్లుకి చెల్లు. అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 'యెస్టర్‌డే' అనే కామెడీ సినిమా ట్రైలర్లో ఒక నటి కనిపించి, సినిమాలో మాయమైపోయిందని ఇద్దరు ప్రేక్షకులు దావా వేశారు. 2022 చివర్లో అక్కడి ఫెడరల్ జడ్జి, ట్రైలర్ కూడా వాణిజ్య ప్రకటనేననీ, తప్పుడు ప్రకటనల చట్టం దానికి వర్తించవచ్చనీ అన్నాడు. కేసు చివరికి నిలబడలేదనుకోండి. ఇక్కడైనా అక్కడైనా తేలింది ఒకటే, ట్రైలర్ కళాఖండం కాదు, బేరం. బేరంలో అమ్మేవాడు ఎంత అరిచినా ముచ్చట, కొనేవాడు నవ్వితే మహాపాపమా?

బేరం ఎంతదో కూడా చూడండి. హైదరాబాద్ మల్టీప్లెక్సులో మామూలు రోజున టికెట్ 295 రూపాయల దాకా ఉంటుంది. పెద్ద హీరో అయితే దానిమీద ప్రత్యేక జీవో వడ్డన. ఇంటికి నలుగురంటే పన్నెండొందలు. తినుబండారాల సంగతి నేను రాయను, రాస్తే వ్యాసం విషాదాంతమవుతుంది.

కష్టం దగ్గరికొద్దాం. పెళ్ళిలో వంటాయన తెల్లవారుజాము మూడింటికి లేచి పొయ్యి వెలిగిస్తాడు. అయినా పులిహోరలో ఉప్పెక్కువైతే మన చెయ్యి మజ్జిగ గ్లాసు వైపు పోతుంది. చెమట కలిసింది కదా అని ఎవరూ రెండోసారి వడ్డించుకోరు. అసలు ఈ చెమట కబురు మోసేవాళ్ళమీదే నాకు అనుమానం. 2025 ఆగస్టులో తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ వేతనాలు 30 శాతం పెంచమని అడిగింది. లైట్లు మోసేవాళ్ళూ, ట్రాలీ తోసేవాళ్ళూ, భోజనాలు వడ్డించేవాళ్ళూ రెండు వారాలకి పైగా పని ఆపేశారు. వేదికెక్కినప్పుడల్లా వాళ్ళ కష్టాన్ని తలుచుకుని గొంతు పూడుకుపోయే పెద్దలకి అన్ని రోజులూ గొంతు మామూలుగానే ఉంది, లెక్కలు కూడా గట్టిగానే వేశారు. ట్రైలర్ మీద కుర్రాడు వేసిన జోకు లైట్‌బాయ్ బేటాలో రూపాయి తగ్గించదు. ఆయన చెమటని కవచంగా తొడుక్కున్నవాళ్ళకే అది గుచ్చుకుంటుంది.

ఇక అందరికీ బాగా నచ్చే మాట, "కామెడీకి లాజిక్ ఏమిటండీ, మెదడు ఇంట్లో పెట్టి రండి." తెలుగు హాస్యానికి ఇంతకంటే పెద్ద అవమానం లేదు. జంధ్యాల చచ్చి స్వర్గాన ఉన్నాడు గనక సరిపోయింది.

ఆయన తీసిన 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చింది. కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పరమ పిసినారి. దూలానికి కోడిని వేలాడగట్టి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటూ కోడికూర తిన్నట్టే లొట్టలేస్తాడు. దీంట్లో లాజిక్ లేదా? ఉన్నదంతా లాజిక్కే. డబ్బు ఖర్చు కాకూడదు, కోరిక తీరాలి. ఈ రెండు షరతుల్నీ ఒప్పుకున్న మనిషి ఎక్కడికి చేరతాడో అంగుళం అంగుళం లెక్కగట్టి తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాడు జంధ్యాల. మనం నవ్వేది పిచ్చితనానికి కాదు, ఆ పిచ్చిలోని పొందికకి. అంతకుముందు ఆ మనిషి ఇంట్లో మనం కాసేపు మసిలాం, వాడి లుంగీ చూశాం, పొదుపు చూశాం. అందుకే కోడి కనిపించగానే నవ్వు దానంతటదే తన్నుకొచ్చింది.

ఇప్పుడు అదే సన్నివేశాన్ని ఈనాటి ట్రైలర్ కట్‌లో ఊహించండి. రెండు సెకన్లు కోడి. ఒక సెకను కోట మొహం. "టొయ్యింగ్" అని ఒక శబ్దం. వెంటనే ఎవరో ఎవర్నో కొడతారు. కోడి వేలాడుతున్నట్టు తెలుస్తుంది, ఎందుకు వేలాడుతోందో తెలీదు. హాస్యానికి ముందు రంగం సిద్ధం కావాలి, మనిషి పరిచయం కావాలి, కాస్త ఓపిగ్గా నూనె కాగాలి. తాలింపు గింజలు కాగిన నూనెలో వేస్తే చిటపటలాడతాయి, చల్లని నూనెలో వేస్తే మునిగిపోతాయి. రెండున్నర నిమిషాల్లో నూనె కాగే వ్యవధి లేదు. అందుకని చిటపటలు విడిగా రికార్డు చేసి తెచ్చి పోస్తారు. ఆ శబ్దాలూ, ఆగిపోయే సంగీతమూ, చెంపదెబ్బలూ, ప్రాసలూ, టైటిల్ పడి తేదీ వేశాక అందరూ లేవబోతుంటే గబుక్కున తగిలించే ఆ చివరి బిట్టూ, అన్నీ ఆ కోవలోవే. ఆ చివరి బిట్టులో నూటికి తొంభైసార్లు చిన్నపిల్లాడి నోట పెద్దమాట ఉంటుంది. లేదా ఎవరో కాలుజారి పడతారు.

ట్రైలర్ కట్ చేసే ఎడిటర్ల తప్పని నేననను. వాళ్ళకిచ్చిన పని అసాధ్యమైనది, చాలామంది ఆ అసాధ్యాన్ని ఒక అచ్చులో పోసి బతుకుతున్నారు. అచ్చు కనిపిస్తోంది గనకే వెనక వరస కుర్రాడు జోస్యం చెప్పగలిగాడు. వాడు మెదడు ఇంట్లో పెట్టి వచ్చుంటే ఆ నవ్వూ ఉండేది కాదు, ఆ పూట హాల్లో అసలు నవ్వే ఉండేది కాదు.

అచ్చు లేకుండా చెయ్యలేరా అంటే, చేశారు. 2021 మార్చిలో 'జాతిరత్నాలు' ట్రైలర్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ దేన్నీ ముందుగా కనిపెట్టలేకపోయారు. నవీన్ పొలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ముగ్గురూ తెలివితక్కువవాళ్ళే, కానీ ముగ్గురి తెలివితక్కువా మూడు రకాలు. అది చెంపదెబ్బల్లో కాకుండా మాటల్లోంచే తెలిసిపోయింది. వెక్కిరించేవాళ్ళకి ఆ రోజు పని దొరకలేదు. ఎగతాళి అంటే అంత భయమున్నవాళ్ళకి అదొక్కటే మందు, కాని చేదుగా ఉంటుంది.

నా సొంత గాయం ఒకటి చెప్పుకోవాలి. ఆరేడేళ్ళ కిందటి మాట, సినిమా పేరు అనవసరం. ట్రైలర్ చూసి మా ఇంట్లో పడీపడీ నవ్వాం. టీవీలో వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి చూశాం. ఎనిమిది టికెట్లు తీశాను. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి, అయినా ఆవిణ్ణి కూడా మెట్లెక్కించి తీసుకెళ్ళాను. సినిమా మొదలైంది. ట్రైలర్లోని జోకులు ఒక్కొక్కటే వస్తున్నాయి, బస్టాండులో తెలిసినవాళ్ళు ఎదురైనట్టు. ప్రతి జోకుకీ ముందు పావుగంట, తరవాత పావుగంట ఖాళీ. ఉప్మాలో ఉన్న జీడిపప్పులన్నీ ఏరి పైన పేర్చి చూపించారన్నమాట, కింద అంతా రవ్వే. మా అత్తగారు నాతో సూటిగా మాట్లాడరు, ఏదైనా మా ఆవిడ మీదుగానే. ఇంటర్వెల్లో లైట్లు వెలగగానే, "అమ్మాయ్, మీ ఆయన్నడుగు, టీవీలో రానివి ఏమన్నా ఉన్నాయా ఇందులో?" అన్నారు.

ఏడాదికి ఎన్ని సమీక్షలో చదువుతాను, ఇంత కచ్చితమైన వాక్యం ఇంకెక్కడా దొరకలేదు. ఆ తరవాత నాకు అర్థమైంది, ట్రైలర్ అంటే లక్ష్మీపతి కోడి. తేడా ఒకటే, లక్ష్మీపతి ఆ కోడిని చూడ్డానికి మన దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఎగతాళి సినిమాని చంపుతుందన్న మాటకొస్తే, సాక్ష్యాలు అటు కాదు, ఇటే ఉన్నాయి. 2019 ఏప్రిల్ ఆఖర్న హాలీవుడ్‌లో 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్' ట్రైలర్ వచ్చింది. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే సినిమా, వీడియోగేమ్‌లోంచి వచ్చిన నీలం రంగు ముళ్ళపంది కథ. ఆ ముళ్ళపందికి మనిషి పళ్ళు పెట్టారు. ప్రపంచం ఆ పళ్ళు చూసి రెండు రోజులు ఆపకుండా నవ్వింది. దర్శకుడు జెఫ్ ఫౌలర్ ముఖం మాడ్చుకోలేదు, కష్టం గురించి ఉపన్యసించలేదు, మీరు చెప్పింది విన్నాం, మారుస్తాం అన్నాడు. నవంబరులో రావాల్సిన సినిమాని 2020 ఫిబ్రవరికి జరిపి ముళ్ళపంది బొమ్మని మళ్ళీ గీయించారు. సినిమా బాగా ఆడింది, రెండో భాగం, మూడో భాగం కూడా వచ్చాయి. ఆ నవ్వు లేకపోతే ఆ పళ్ళతోనే థియేటరుకొచ్చేది పాపం. మన దగ్గర 2022 అక్టోబరులో 'ఆదిపురుష్' టీజర్ మీద అలాగే నవ్వారు. దాన్నీ సంక్రాంతినించి జూన్‌కి జరిపారు. అది కామెడీగా తీసింది కాదు గనక నా పరిధిలోకి రాదు. వాళ్ళు విన్నారుగానీ సరిగ్గా వినలేదని మాత్రం చెప్పగలను.

నవ్వినా ఆడేది ఆడుతుంది. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' ట్రైలర్ వచ్చిన రోజు "క్రింజ్" అన్న మాట ఫోన్లలో బాగానే తిరిగింది. అనిల్ రావిపూడి సినిమా ఏది వచ్చినా తిరిగే మాటే. జనవరి 14న విడుదలైంది. 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్' లాంటి భారీ సినిమాల పక్కన నిలబడి, రెంటికంటే పెద్ద హిట్టయింది. క్రింజ్ అన్నవాళ్ళలో సగంమంది హాల్లో నా పక్కనే కూర్చుని ఉంటారు. నేనూ నవ్వాను. భార్యకీ పాత ప్రేయసికీ మధ్య నలిగే మొగుడి మొహంలో వెంకటేష్ చూపించే ఆ నిస్సహాయత అచ్చులో పోసింది కాదు, ఆయన సొంతం. ట్రైలర్ని వెక్కిరించడానికీ సినిమాకి వెళ్ళడానికీ మధ్య మన జనానికి ఏ శత్రుత్వమూ లేదు. ఉందనుకుంటున్నది మైకు పట్టుకున్నవాళ్ళే.

ఆ మైకు పట్టుకున్నవాళ్ళ వృత్తేమిటో కూడా చూడాలి కదా. 2012లో అల్లరి నరేష్ 'సుడిగాడు' సినిమా మొదటినించి చివరిదాకా తోటి హీరోల సినిమాలని వెక్కిరించడంమీదే నడిచింది, జనం ఎగబడి చూశారు. 'దూకుడు'లో ఎమ్మెస్ నారాయణ పెద్ద పెద్ద హీరోల వేషాలన్నీ కట్టి చూపించాడు. అది స్పూఫ్. అదే పని వెనక వరసలో కుర్రాడు చేస్తే ట్రోలింగ్. తేడా ఎక్కడుందో నాకైతే పారితోషికంలో తప్ప ఇంకెక్కడా కనపడలేదు.

ఇంకో ముచ్చట. 2025 ఏప్రిల్లో శ్రీవిష్ణు 'సింగిల్' ట్రైలర్ వచ్చింది, చక్కటి కామెడీ. అందులో అప్పటికింకా విడుదల కాని 'కన్నప్ప'ని గుర్తుచేసే ఒకటి రెండు చురకలున్నాయి. అంటే ఒక సినిమా ట్రైలరే ఇంకో రాబోయే సినిమాని ఆటపట్టించిందన్నమాట, నేను సమర్థిస్తున్నది సరిగ్గా ఆ పనినే. కన్నప్ప బృందం నొచ్చుకుంది. శ్రీవిష్ణు వీడియో చేసి క్షమాపణ చెప్పి, ఆ ముక్కలు తీసేస్తున్నామన్నాడు. పెద్దమనిషి తరహాగా చెప్పాడు, కాదనను. కాని అక్కర్లేదనిపించింది. ఆ ట్రైలర్లో ముందుగా ఎవరూ కనిపెట్టలేని క్షణాలు అవే.

మద్రాసులో ఇంకాస్త ముందుకెళ్ళారు. 2024 డిసెంబరులో అక్కడి నిర్మాతల సంఘం ఒకటి, సినిమా విడుదలైన మొదటి మూడు రోజులు సమీక్షలే రాకుండా ఆపమని హైకోర్టుకెక్కింది. విమర్శ భావప్రకటన స్వేచ్ఛలోదేనంటూ కోర్టు అలా ఆపడానికి ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే మన పరిస్థితి ఊహించండి. ట్రైలర్ చూసి మాట్లాడొద్దు, ఎందుకంటే సినిమా చూళ్ళేదు. సినిమా చూసి మాట్లాడొద్దు, ఎందుకంటే ఇంకా మూడు రోజులు కాలేదు. నాలుగో రోజు మాట్లాడొచ్చు, సినిమా ఉంటే.

ఎదుటివాళ్ళ మాటలో నిజం బొత్తిగా లేదని కాదు. 2016లో ఆడవాళ్ళు ప్రధానపాత్రలుగా 'ఘోస్ట్‌బస్టర్స్' మళ్ళీ తీస్తే, ఆ కామెడీ ట్రైలర్ మీద విరుచుకుపడినవాళ్ళలో చాలామందికి జోకులు కాదు కంటగింపు, ఆడవాళ్ళే. 2020లో 'సడక్ 2' ట్రైలర్‌ని లక్షలమంది డిస్‌లైక్ కొట్టింది ట్రైలర్ చూసి కాదు, వేరే కోపంతో. మన దగ్గర కూడా హీరోయిన్ ఒంటిమీదా, నటుల ఇంట్లో పిల్లలమీదా కూతలు కూసేవాళ్ళున్నారు. 2024లో వాళ్ళని ఉద్దేశించి సినీనటుల సంఘం 'మా' 48 గంటల్లో వీడియోలు తీసేయమని గడువు పెడితే నాకు అభ్యంతరమేమీ అనిపించలేదు. కాని అవి ట్రైలర్ మీద నవ్వులు కావు. వాళ్ళు ట్రైలర్ని చూడనైనా చూడరు. దొంగ పడ్డాడని వీధిలో అందరి కుక్కల్నీ కట్టెయ్యమంటే ఎలా?

అసలు ప్రచారాన్ని ఆటపట్టించడం యూట్యూబ్‌తో మొదలైందని ఎవరన్నారు? నా చిన్నప్పుడు మా ఊరికి శుక్రవారం శుక్రవారం సినిమా రిక్షా వచ్చేది. రెండు పక్కలా తడికెలకి అంటించిన పోస్టర్లు, లోపల మైకు, బ్యాటరీ, ఒక బక్కపల్చటి మనిషి. గులాబిరంగు, పసుపురంగు పల్చటి కరపత్రాలు గాల్లోకి విసిరేవాడు. ముక్కుతో మాట్లాడేవాడు. "నేడే చూడండి, మీ అభిమాన థియేటర్లో" అని ఆయన సాగదీస్తే, వెనకాల పరుగెత్తే మేము అదే ముక్కుగొంతుతో అదే సాగదీసేవాళ్ళం. "కడుపుబ్బ నవ్వించే" అని ఆయనంటే మావాడొకడు పొట్ట ముందుకు పెట్టి ఊపుకుంటూ నడిచేవాడు. ఆ రిక్షా ఆయన ఒక్కనాడు కోప్పళ్ళేదు. ఒకసారి మూలమలుపులో రిక్షా ఆపి మైకు మావాడి నోటి దగ్గర పెట్టాడు. వాడు ఆయన ముందే ఆయన్ని అనుకరించాడు, వీధంతా అరుగులమీదికొచ్చింది. ఆ శుక్రవారం ఫస్ట్ షోకి నేల టికెట్టు దొరకలేదు. ప్రచారం ఎలా చెయ్యాలో ఇప్పుడు ఈవెంట్లు నడిపేవాళ్ళకంటే ఆయనకి బాగా తెలుసు.

చివరికి ఆ "ఫ్యామిలీ" అన్న మాట. "క్లీన్ ఫ్యామిలీ ఎంటర్‌టైనర్" అని ట్రైలర్ మీద పడగానే మనం నవ్వకూడదట, నవ్వితే కుటుంబాన్నే అవమానించినట్టట. కాని తెరమీద చూపించే ఆ కుటుంబం ఎవరిది? అమ్మ మూడు సెకన్లు కనిపిస్తుంది, చేతిలో కాఫీ కప్పుతో. భార్య అనుమానిస్తుంది. మరదలు గెంతుతుంది. బామ్మ బూతుకి కాస్త ఇవతల ఆగిపోయే మాట ఒకటంటుంది. మగవాళ్ళందరూ ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని నడుస్తారు, స్లోమోషన్‌లో. కోనసీమలో మిగిలిన మండువా ఇళ్ళలో కాపురాలకంటే షూటింగులే ఎక్కువ జరుగుతున్నాయేమోనని నా అనుమానం. మా ఉమ్మడి కుటుంబం ఆదివారం పొద్దున్న ఫోన్ తెరమీద కలుస్తుంది. ఒకడు డాలస్‌లో పడుకోబోతూ, ఒకడు బెంగళూరులో అప్పుడే లేస్తూ. అందులో బోలెడు హాస్యముంది, ఎవడూ తియ్యడు. 2019లో 'ఎఫ్ 2' ఆడిందని అప్పట్నించీ మొగుళ్ళ ఫ్రస్ట్రేషన్‌ని ఎంతమంది ఎన్నిసార్లు వేడిచేసి వడ్డించారో. పెళ్ళాల ఫ్రస్ట్రేషన్ మీద ట్రైలర్ కట్ చేస్తే రెండున్నర నిమిషాలు చాలవని భయమేమో.

కుటుంబం పేరుతో వచ్చినదాన్ని కుటుంబమే కదా ముందుగా తూకం వెయ్యాలి. మా ఇంట్లో అది ఒక ఆటగా మారింది. కొత్త ట్రైలర్ వస్తే టీవీలో పెడతాం. పంచ్ పడేముందు మా అమ్మాయి పాజ్ నొక్కుతుంది. తరవాత ఏమవుతుందో ఒక్కొక్కరు చెప్పాలి. ఎక్కువ తప్పులు చెప్పినవాళ్ళు మిరపకాయ బజ్జీలు తెప్పించాలి. మొన్న పండగ సినిమా ట్రైలర్ పెట్టాం. డ్రోన్ లేచింది, మా అబ్బాయి "గోదారి" అన్నాడు, కృష్ణ వచ్చింది, వాడికో తప్పు. నేను చెంపదెబ్బ అన్నాను, కాలుజారి పడ్డాడు, నాకో తప్పు. మా ఆవిడ పాట అంది, పాటే వచ్చింది. మా అత్తగారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఏడింటికి ఏడూ చెప్పారు. టైటిల్ పడ్డాక వచ్చే ఆ చివరి బిట్టుతో సహా. "పిల్లాడేదో అంటాడు, వాళ్ళమ్మ నోరు మూస్తుంది" అన్నారు. మూసింది. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాం. ఆ ట్రైలర్ కోసం కష్టపడ్డవాళ్ళెవరైనా ఆ నిమిషంలో మా గుమ్మంలో ఉంటే, తమ సినిమా సూపర్ హిట్టని సంబరపడి వెళ్ళిపోయేవాళ్ళు.

నవ్వు సద్దుమణిగాక అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ మా ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మాయ్, మీ ఆయన్నడుగు, దీనికి టికెట్లు ఎప్పుడు తీస్తున్నాడో. మెట్లు లేని హాలు చూడమను."